డి.టి.పి. యుగంలో తెలుగు పాఠ సంక్రమణం: పేజీ ఫైళ్ళు, ఫాంటు ఫైళ్ళు

తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు ముందుగా కొన్ని ప్రశ్నలు వేసుకుంటాడు. ఈ ప్రతికి మాతృక ఏది? లేఖకుడు ఎవరు? ఆకులన్నీ ఉన్నాయా? లేని ఆకుల చోట తరువాతివారు చేర్చినది ఏదైనా ఉందా? సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, ప్రతులు సేకరింపజేసి, ఒకదానితో ఒకటి పోల్పించి శుద్ధప్రతులు రాయించిన కాలం నుంచి ఈ ప్రశ్నలు తెలుగు గ్రంథ పరిష్కరణలో భాగమైపోయాయి. అచ్చు పుస్తకాల విషయంలోనూ ప్రథమ ముద్రణ, పునర్ముద్రణ, రచయిత సవరించిన ముద్రణ అనే వివేచన స్థిరపడింది. అయితే 1990 ప్రాంతం నుంచి సుమారు రెండు దశాబ్దాల పాటు డి.టి.పి. పద్ధతిలో కంప్యూటరుపై కూర్చిన గ్రంథాల విషయంలో ఇటువంటి విచారణ అంతగా కనిపించదు. పుస్తకం చేతిలో ఉంది, దాని ఫైలు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది, రెండూ ఒకటే అన్న భావన ఇందుకు కారణం కావచ్చు. ఈ రెండూ ఒకటి కావు. ఆ ఫైలు ఒక్కటే దొరికితే అందులో తెలుగు ఉందని చెప్పడం కూడా కష్టమే. ఆ కాలపు తెలుగు పాఠం ఒక ఫైలులో ఇమిడి ఉండేది కాదు. పేజీ ఫైలు, ఫాంటు ఫైళ్ళు, కీబోర్డు సాఫ్ట్‌వేర్, విడిగా ఉంచిన బొమ్మల ఫైళ్ళు కలిసి ఉన్నప్పుడే అది పాఠంగా నిలిచేది. ఆ కట్టను డి.టి.పి. ఆపరేటర్లు ఎలా సర్దుకున్నారు, ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి ఎలా చేరవేశారు, అది ఎక్కడ విడిపోయింది అన్నది ఆ కాలపు గ్రంథాల పాఠచరిత్రలో భాగమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

అచ్చు కేసు నుంచి ఫాంటు ఫైలుకు

సీసపు అక్షరాల కాలంలో తెలుగు కంపోజిటర్ ముందు పెద్ద పెద్ద కేసులు ఉండేవి. హల్లులు 35 అనుకుని, గుణింతానికి 16 రూపాలు లెక్క వేసినా 560 రూపాలవుతాయి. వీటికి వత్తులు, సంయుక్తాక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు అదనం. అన్ని రూపాలనూ పోతపోయడం సాధ్యం కాక కొన్నిటిని ముక్కలుగా చేసి కలిపి కూర్చే పద్ధతిని అచ్చుశాలలు అవలంబించాయి. ఆ పద్ధతిలో ఒక గుణం ఉంది. ఫారం విప్పేసిన తరువాత అక్షరాలు కేసులోకి వెళ్ళిపోతాయి. పాఠం కాగితం మీద మాత్రమే మిగులుతుంది. మళ్ళీ అచ్చు వేయాలంటే మళ్ళీ కూర్చవలసిందే. కనుక ‘అక్షరం ఒకచోట, పాఠం మరొకచోట’ అన్న సమస్య అక్కడ తలెత్తదు. అచ్చయిన కాగితాన్ని చదవడానికి కేసు అవసరం లేదు.

1985లో ఆపిల్ సంస్థ లేజర్‌రైటర్ ప్రింటరును, ఆల్డస్ సంస్థ మెకింతోష్ కంప్యూటరు కోసం పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరును విడుదల చేశాయి. ఆల్డస్ సంస్థాపకుడు పాల్ బ్రెయినెర్డ్ ఈ పనికి ‘డెస్క్‌టాప్ పబ్లిషింగ్’ అని పేరు పెట్టారు. 1987లో పేజ్‌మేకర్ విండోస్‌కు వచ్చింది. 1994లో ఆల్డస్ సంస్థను అడోబీ కొనుగోలు చేసింది. 2001లో వెలువడిన 7.0 పేజ్‌మేకర్‌కు చివరి సంచిక. తెలుగు ప్రచురణ రంగం ఆ సాఫ్ట్‌వేరును దాని తయారీదారు విడిచిపెట్టిన తరువాత కూడా చాలా ఏళ్ళు వాడింది. ఇది సోమరితనం వల్ల జరిగినది కాదు. అందుకు కారణం ఫాంటులలోనే ఉంది.

పేజ్‌మేకర్ ఆంగ్లం కోసం తయారైన పనిముట్టు. అది అక్షరానికి ఒక బైటు చొప్పున మాత్రమే ఎరుగును. ఒక బైటులో 256 స్థానాలు. అందులో మొదటి 32 యంత్ర సంకేతాలకు పోతాయి. మిగిలిన వాటిలోనూ కొన్నిటిని ఖాళీలకు, ఇతర అవసరాలకు వదలాలి. అయిదారు వందల రూపాలను ఆ ఇరుకు ఇంటిలో సర్దాలి. తెలుగు ఫాంటు రూపకర్తలు సీసపు ముక్కల పద్ధతినే మరో విధంగా పునరుద్ధరించారు. హల్లుల మొండేలు, తలకట్లు, గుడులు, కొమ్ములు, ఏత్వాలు, వత్తులు అన్నిటినీ విడదీసి, ఆంగ్ల అక్షరాలూ ఐరోపా భాషల చిహ్నాలూ ఉండే స్థానాలలో కూర్చోబెట్టారు. కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఆపరేటరు నొక్కిన మీటలను బట్టి ఆ ముక్కలను వరుసగా పేర్చేది. హైదరాబాదుకు చెందిన అను గ్రాఫిక్స్ వారి అను స్క్రిప్ట్ మేనేజర్, పుణే కేంద్రంగా ఉన్న మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీ-లిపి, సి-డాక్ వారి ఐ.ఎస్.ఎం. వంటి ప్యాకేజీలు ఈ పని చేశాయి. యాపిల్ అమరిక, మాడ్యులర్ అమరిక అని ఆపరేటర్లు పిలుచుకునే కీబోర్డు పద్ధతులు ఆ రోజులలో స్థిరపడినవే. ఈ పరిష్కారం చాతుర్యంతో కూడినది. పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు, గోడపత్రాలు దాని బలం మీదనే వెలువడ్డాయి. దాని లోపాలను చెప్పేటప్పుడు ఈ మాట మరచిపోవడం న్యాయం కాదు.

అక్షరమా, స్థానమా?

‘క్షేత్రం’ అనే మాటను తీసుకుందాం. యూనికోడ్‌లో ఈ మాట క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్న అనే ఎనిమిది సంకేతాల వరుస. ఉచ్చారణ క్రమమే నిల్వ క్రమం. ఏ ఫాంటులో చూపినా ఈ వరుస మారదు. డి.టి.పి. ఫాంటులో ఇదే మాట కంటికి కనిపించే ముక్కల వరుసగా ఉంటుంది. కకారం మొండెం, దానిపై ఏత్వం, కింద షవత్తు, తరువాత తకారం, దాని క్రావడి, సున్న. క్రావడి తకారానికి ముందు నిలవాలా, వెనుక నిలవాలా అన్నది ఆ ఫాంటు రూపకల్పనను బట్టి ఉంటుంది. ఏత్వంతో కూడిన కకారానికి ఒకే ముక్క ఉందా, రెండు ముక్కలున్నాయా అన్నది కూడా అంతే. కనుక ఫైలులో నిల్వ ఉన్నది ‘క’ కాదు. ‘ఈ ఫాంటులో ఫలానా సంఖ్య గల గదిలో ఉన్న బొమ్మ’ అన్న సూచన మాత్రమే. ఫాంటు మారితే అదే గదిలో వేరే బొమ్మ ఉంటుంది. ఒక ప్యాకేజీలో దిద్దిన వ్యాసాన్ని మరొక ప్యాకేజీ ఫాంటులోకి మార్చి చూస్తే తెలుగు ముక్కలే కనిపిస్తాయి, తెలుగు మాత్రం ఉండదు. ఫాంటు అసలే లేకపోతే ఐరోపా అక్షరాల, కరెన్సీ గుర్తుల గుంపు కనిపిస్తుంది.

దీనికి ప్రత్యామ్నాయం లేకపోలేదు. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడి సంకేతనంగా ఇస్కీ 1991లో ఐ.ఎస్. 13194 పేరుతో జాతీయ ప్రమాణమైంది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలో ఇస్కీ తొలి రూపం ఆధారంగా తెలుగుకు 128 స్థానాల పట్టిక ఏర్పడింది. అంటే తెలుగు డి.టి.పి. విస్తరించడం మొదలైన నాటికే అక్షరాన్ని అక్షరంగా నిల్వచేసే మార్గం కాగితం మీద సిద్ధంగా ఉంది. కాని పేజ్‌మేకర్‌కు ఆ భాష రాదు. నిల్వ సంకేతాల వరుసను చూసి వత్తులూ గుణింతాలూ కూర్చే యంత్రాంగం సామాన్య వాడుకరికి 2001లో విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో గాని అందలేదు. అప్పటికి ఒక తరం ఆపరేటర్ల వేళ్ళు మరొక పద్ధతికి అలవాటు పడిపోయాయి.

అక్షరం బదులు స్థానం నిల్వ కావడం వల్ల పరిశోధకులకు నేరుగా కలిగిన నష్టం ఒకటి ఉంది. కంప్యూటరులో ఉన్న గ్రంథానికి కంప్యూటరు చేత అకారాది పదసూచిక తయారు చేయించడం కుదరలేదు. యంత్రం ముక్కల గది సంఖ్యలను బట్టి వరుస కడుతుంది. ఆ వరుసలో అకారాది క్రమం ఉండదు. ‘కాలము’, ‘కాలం’ అనే రూపాలను వెతికి లెక్క పెట్టడం కూడా అంత తేలిక కాదు. ఫలితంగా ఆ కాలపు గ్రంథాలలో అనుబంధ సూచికలు చాలావరకు చీటీల మీద చేతితో తయారై, తిరిగి టైపు అయినవే. గ్రంథం యంత్రంలో ఉన్నా, దాని సూచిక మాత్రం పాత కాలంలోనే ఉండిపోయింది.

యంత్రం నుంచి యంత్రానికి

ఒక గ్రంథం అచ్చులోకి వెళ్ళే మార్గాన్ని ఊహించుకుంటే ఈ సమస్య తీవ్రత బోధపడుతుంది. రచయిత రాతప్రతిని డి.టి.పి. సెంటరుకు ఇస్తాడు. అక్కడ ఆపరేటరు టైపు చేస్తాడు. ప్రూఫులు రెండు మూడు సార్లు తిరుగుతాయి. పేజీలు కట్టిన తరువాత ఫైలు, లేదా లేజర్ ప్రింటరు మీద తీసిన ట్రేసింగ్ కాగితాలు, ఆఫ్‌సెట్ ప్రెస్సుకు వెళతాయి. ముఖచిత్రం వేరొక చోట, తరచుగా కోరల్‌డ్రా, ఫోటోషాప్ తెలిసిన వేరొక చేతిలో తయారవుతుంది. అంటే ఒకే పుస్తకానికి చెందిన ఫైళ్ళు మూడు నాలుగు కంప్యూటర్లలో చెదిరి ఉంటాయి. కాగితం ఆధారంగా పని నడిచినంత కాలం ఇది సమస్య కాలేదు. ఫైలునే పంపవలసి వచ్చినప్పుడు అసలు ఇబ్బంది బయటపడింది.

1.44 మెగాబైట్ల ఫ్లాపీలో పేజీ ఫైలు పట్టవచ్చు, బొమ్మలు పట్టవు. బొమ్మలు పేజ్‌మేకర్ ఫైలులో పూర్తిగా ఇమిడి ఉండనవసరం లేదు. ‘ఫలానా డ్రైవులో, ఫలానా ఫోల్డరులో ఉన్న బొమ్మ’ అన్న లింకు మాత్రమే ఉండవచ్చు. ఫైలు మరొక యంత్రానికి చేరగానే ఆ చిరునామా చెల్లదు. బొమ్మ తెర మీద మసకగా కనిపిస్తుంది గాని అచ్చులో సరిగా రాదు. దీనికి తోడు ఫాంటులు. అడోబీ టైప్ 1 పద్ధతిలో ఒక్కొక్క ఫాంటుకు విండోస్‌లో కనీసం రెండు ఫైళ్ళు అవసరం. ఒకటి అక్షరాల ఆకృతులను, రెండవది వాటి వెడల్పు కొలతలను ఇస్తుంది. ఒకటి తెచ్చి రెండవది మరిచిపోతే ఫాంటు పనిచేయదు. 1992లో విండోస్ 3.1తో వచ్చిన ట్రూటైప్ పద్ధతిలో రెండూ ఒకే ఫైలులో ఉండటం వల్ల ఈ బాధ తగ్గింది. తెలుగు సెంటర్లలో ట్రూటైప్ బాగా వ్యాపించడానికి ఇది ఒక కారణమై ఉండవచ్చు. మెకింతోష్ నుంచి విండోస్‌కు ఫాంటు మోయడం మరొక చిక్కు. ఆ యంత్రంలో ఫాంటు సమాచారం ఫైలులోని ఒక ప్రత్యేక విభాగంలో ఉండేది. విండోస్ ఫ్లాపీ మీదికి ఎక్కించగానే ఆ విభాగం పోయి, పేరు మాత్రం మిగిలిన ఖాళీ ఫైలు చేతికి వచ్చేది.

పేజ్‌మేకర్‌లోనే ఫైలును, దాని బొమ్మలను, ఫాంటుల వివరాలను ఒకచోట చేర్చి ప్రెస్సుకు అప్పగించే సదుపాయం తరువాతి సంచికలలో కల్పించారు. ఇన్‌డిజైన్‌లో అదే ‘ప్యాకేజ్’ అన్న పేరుతో ఉంది. కాని చిన్న సెంటర్లలో అసలు ఏర్పాటు ఆపరేటరు అలవాటే. పుస్తకానికి ఒక ఫోల్డరు, దానిలో బొమ్మలకు ఒక ఫోల్డరు, ఫాంటులకు ఒక ఫోల్డరు, అన్నీ కలిపి ఒక సీడీ. ఈ క్రమశిక్షణ ఉన్న ఆపరేటరు చేతిలో పడిన పుస్తకం అదృష్టవంతురాలు. లేని చోట ఫోల్డరులో ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్త’, ‘ఫైనల్ 2’ అనే ఫైళ్ళు పక్కపక్కన ఉంటాయి. వాటిలో అచ్చయినది ఏదో అచ్చు పుస్తకాన్ని పేజీ పేజీ పోల్చి చూస్తే గాని తేలదు. డాస్, విండోస్ 3.1 కాలపు ఫైలు పేర్లకు ఎనిమిది అక్షరాల హద్దు ఉండేది. అదీ ఆంగ్ల అక్షరాలలోనే. కావ్యం పేరు, కవి పేరు, సంపుటి సంఖ్య అన్నీ ఆ ఎనిమిదిలో ఇమడాలి. అందువల్ల పాత డిస్కుల మీది పేర్లను ఆ ఆపరేటరు తప్ప మరొకరు విప్పలేని పరిస్థితి ఏర్పడింది. తాళపత్ర లేఖకుడు చివర తన పేరు, ఊరు, సంవత్సరం, మాసం, తిథి రాసుకుని, అక్షర దోషాలను క్షమించమని వేడుకునేవాడు. పేజీ ఫైలుకు అటువంటి గద్య లేదు. ఉన్నదల్లా ఆఖరుసారి భద్రపరచిన తేదీ. ఎవరైనా తెరిచి, ఏమీ మార్చకుండా, అలవాటుగా మళ్ళీ భద్రపరిస్తే ఆ తేదీ కూడా మారిపోతుంది.

ఫాంటుల పంపకం దీనికి భిన్నమైన చరిత్ర. కొన్ని భాషా ప్యాకేజీలు హార్డ్‌వేర్ లాకుతో వచ్చేవి. కంప్యూటరు వెనుక తగిలించే చిన్న బిళ్ళ అది. అది లేకపోతే కీబోర్డు పనిచేయదు. ఫాంటు ఫైళ్ళు మాత్రం విండోస్ ఫాంటుల ఫోల్డరులో మామూలుగా ఉండి, ఎవరైనా కాపీ చేసుకోవడానికి వీలుగా ఉండేవి. ఈ అమరిక వల్ల ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడింది. ప్రెస్సులో ఫాంటు మాత్రమే ఉంటే పేజీ కనిపిస్తుంది, అచ్చవుతుంది. దిద్దడానికి మాత్రం వీలులేదు. చివరి నిమిషంలో దొరికిన తప్పును సవరించాలంటే తిరిగి సెంటరుకు వెళ్ళాలి. ఫాంటుల కాపీలు చట్టబద్ధమైనవి కావన్నది నిజమే. అయితే ఆ కాపీలే లేకపోతే ఆ కాలపు ఫైళ్ళు నేడు చదవడానికి కూడా వీలుకాని స్థితిలో ఉండేవన్నది అంతే నిజం. పాఠాన్ని నిలబెట్టే పని, హక్కుదారు ప్రయోజనాన్ని కాపాడే పని ఇక్కడ ఎదురెదురుగా నిలిచాయి. దీన్ని నైతిక ప్రశ్నగా మాత్రమే చూసి వదిలేయడం పాఠచరిత్రకారునికి తగదు.

ఒకే ప్యాకేజీలో ఒక సంచిక నుంచి మరొక సంచికకు ముక్కల స్థానాలు మారిన సందర్భాలూ ఉన్నాయి. పాత ఫైలును కొత్త ఫాంటుతో తెరిస్తే పాఠంలో అధిక భాగం సరిగానే ఉండి, కొన్ని వత్తులూ కొన్ని గుణింతాలూ మాత్రం మారిపోతాయి. పూర్తిగా చెడిపోయిన పాఠం కంటే ఇది ప్రమాదకరం. పూర్తిగా చెడితే కంటికి తెలుస్తుంది. అక్కడక్కడ చెడినది ముద్రారాక్షసంగా లెక్కలో కలిసిపోతుంది. ఇటువంటిదే మరొకటి, వర్డ్ వంటి సాఫ్ట్‌వేర్లు నిటారు ఉద్ధరణ చిహ్నాలను వంకర చిహ్నాలుగా తమంతట తాము మార్చే అలవాటు. ఏ ఫాంటులోనైతే ఆ గదిలో ఒక తెలుగు ముక్కను పెట్టారో, ఆ ఫాంటులోని పాఠాన్ని వర్డ్‌లో టైపు చేసినప్పుడు ఆ ముక్క మరొక ముక్కగా మారుతుంది. లేఖక దోషాలకు పూర్వ పరిష్కర్తలు కారణాలు వెతికినట్లే, ఈ దోషాలకూ కారణాలు వెతకవచ్చు. లిపి సామ్యం వల్ల వచ్చిన పొరపాటు కాదిది. చేతిదీ చెవిదీ కాదు. పక్క గదిలోని బొమ్మ వచ్చి కూర్చోవడం వల్ల కలిగిన దోషం. దీనికి ‘స్థాన దోషం’ అని పేరు పెట్టుకోవచ్చు.

ట్రేసింగ్ మీది దిద్దుబాటు

పరిష్కర్త ప్రత్యేకంగా గమనించవలసిన అంశం మరొకటి. ట్రేసింగ్ కాగితం తీసిన తరువాత తప్పు కనబడితే, పేజీ మొత్తం మళ్ళీ తీయకుండా సరైన మాటను లేదా పంక్తిని విడిగా తీసి, కత్తిరించి, దాని మీద అతికించడం ప్రెస్సులలో మామూలు పని. ఈ దిద్దుబాటు ప్లేటు మీదికి వెళ్ళింది, పుస్తకంలోకి వెళ్ళింది, పేజీ ఫైలులోకి మాత్రం వెళ్ళలేదు. పదేళ్ళ తరువాత ఫైలు నుంచి రెండవ ముద్రణ వేస్తే మొదటి ముద్రణలో లేని తప్పులు అందులో ఉంటాయి. రెండవ ముద్రణ కనుక సవరించినదై ఉంటుందన్న సామాన్య భావన ఇక్కడ తలకిందులవుతుంది. దీనికి విపర్యయం కూడా సంభవమే. ఆపరేటరు రెండవ ముద్రణకు సవరణలన్నీ అదే ఫైలులో చేసి, అదే పేరుతో భద్రపరిస్తే మొదటి ముద్రణ ఫైలు ఇక లేదు. కనుక పేజీ ఫైలును అచ్చు పుస్తకానికి మాతృకగా గాని, ప్రతిరూపంగా గాని భావించకూడదు. అది మరొక సాక్షి ప్రతి మాత్రమే. దాని సాక్ష్యాన్ని అచ్చు పుస్తకంతో కలిపి తూచవలసిందే.

ప్రాచీన కావ్యాల పునర్ముద్రణలలో ఈ సంగతి ఇంకా సూక్ష్మమవుతుంది. అరసున్న, బండి ఱ, దంత్య చ, జలు, అవగ్రహం వంటివి కావలసిన చోట ఫాంటులో లేకపోతే రెండు మార్గాలు. వదిలివేయడం ఒకటి. కోరల్‌డ్రాలో గీసి బొమ్మగా తెచ్చి పేజీలో అతికించడం రెండవది. ఈ రెండవ మార్గంలో అక్షరమే ఒక లింకు ఫైలవుతుంది. ఫోల్డరు మారితే అక్షరం రాలిపోతుంది. గ్రంథపాతం అనే మాటకు ఇంత అక్షరార్థం ఇదివరలో ఉండి ఉండదు. ఇది డి.టి.పి. ఫాంటుల లోపం మాత్రమే అనడానికి వీలులేదు. తెలుగు అవగ్రహానికి, దంత్య చ, జలకు యూనికోడ్‌లో స్థానం లభించింది 2008లో వచ్చిన 5.1 సంచికలో. నకారపు పొల్లు 2021లో 14.0 సంచికలో చేరింది. ప్రాచీన పాఠానికి కావలసిన చిహ్నాలు ప్రమాణంలోకి రావడానికే ఇంత కాలం పట్టినప్పుడు ఫాంటు రూపకర్తను మాత్రమే తప్పుపట్టడం తగదు.

కర్వులు, పి.డి.ఎఫ్.లు

ఫాంటు లేని చోటికి పాఠాన్ని పంపడానికి ఆపరేటర్లు కనిపెట్టిన సులువైన ఉపాయం ‘కర్వ్స్ చేయడం’. కోరల్‌డ్రాలో తెలుగు మాటను గీతలుగా మార్చివేస్తే ఫాంటుతో పని ఉండదు. ఏ యంత్రంలో తెరిచినా అదే ఆకృతి. శుభలేఖలు, గోడపత్రాలు, పుస్తకాల ముఖచిత్రాలు ఈ రూపంలోనే ప్రెస్సులకు వెళ్ళాయి. పంపినవారికి నిశ్చింత, అందుకున్నవారికి నిశ్చింత. కాని ఆ క్షణంలో మాట మాటగా చచ్చిపోతుంది. గీతలు మిగులుతాయి. దాన్ని దిద్దలేరు, వెతకలేరు, మరొక సంకేతనంలోకి మార్చలేరు. వ్యాపారి చేతిలో ఇది ఉత్తమమైన పద్ధతి, పరిశోధకుని చేతిలో నికృష్టమైనది. ఒకే పనిని ఇద్దరు ఇంత భిన్నంగా చూడవలసి రావడం ఆశ్చర్యకరమేమీ కాదు. సెంటరుకు రేపటి అచ్చు ముఖ్యం, గ్రంథాలయానికి ముప్పై ఏళ్ళ తరువాతి పాఠకుడు ముఖ్యం.

పి.డి.ఎఫ్. ఈ రెండిటికీ మధ్య నిలుస్తుంది. ఫాంటులోని అవసరమైన ముక్కలను తనలోనే దాచుకోగలదు కనుక రూపం చెదరదు. అందులోని తెలుగు మాటను ఎంపిక చేసి మరొకచోట అతికించి చూస్తే అర్థంలేని ఐరోపా అక్షరాలు వస్తాయి. అయినా గది సంఖ్యలు లోపల చెక్కుచెదరకుండా ఉంటే, ఆ ఫాంటు సంకేతన పట్టిక తెలిసినవారు పాఠాన్ని తిరిగి తీయగలరు. కర్వులుగా మార్చిన ఫైలుకు ఆ అవకాశం లేదు. గ్రంథాలయాలు, సంస్థలు పుట్టుకతోనే కంప్యూటరులో తయారైన పుస్తకాలను భద్రపరచేటప్పుడు ఈ తేడాను పాటించడం మంచిది. పి.డి.ఎఫ్. ఉందన్న ధైర్యంతో పేజీ ఫైలునూ ఫాంటు ఫోల్డరునూ తీసివేయడం పొరపాటు.

సంకేతన పట్టికలు

వెబ్‌సైట్లలో ఈ సమస్య ముందుగా పరిష్కారానికి వచ్చింది. తొలినాటి తెలుగు వార్తా సైట్లు ఒక్కొక్కటి తన ఫాంటును తానే వాడుకునేవి. పాఠకుడు ఏ పత్రిక చదవాలంటే ఆ పత్రిక ఫాంటు ఉండాలి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించిన వెన్న నాగార్జున, ఈ ఫాంటుల పాఠాన్ని ఫైర్‌ఫాక్స్‌లోనే యూనికోడ్‌గా మార్చి చూపే ‘పద్మ’ అనే ఉపకరణాన్ని తయారు చేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన యూనికోడ్ ఫాంటులు అప్పటికే చేతికందాయి. తరువాతి దశాబ్దంలో పెద్దన, ధూర్జటి, తిమ్మన, రామభద్ర, మండలి, సురవరం వంటి ఫాంటులు స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడ్డాయి. ఫాంటును పంచుకోవడం నేరమూ కాదు, అవసరమూ కాదు అన్న స్థితికి తెలుగు పాఠం అప్పుడు చేరింది. యూనికోడ్ పాఠాన్ని ఏ ఫాంటులో చూసినా పాఠం ఒకటే. ఫాంటు ఇక అందానికి సంబంధించిన సంగతి.

అను ఫాంటుల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు కూడా ఇప్పుడు ఉన్నాయి. వాటి పని చూడడానికి యాంత్రికంగా కనిపిస్తుంది గాని, అసలు అందులో ఉన్నది పరిష్కరణే. కంటి క్రమంలో ఉన్న ముక్కలను ఉచ్చారణ క్రమంలోకి తేవాలి. క్రావడి ఏ హల్లుకు చెందుతుందో తేల్చాలి. రెండు ముక్కలుగా కూర్చిన ఏత్వ, ఓత్వాలను గుర్తించాలి. ఆపరేటరు కంటికి అందంగా ఉండాలని వరుస తప్పించి కూర్చిన చోట ఉపకరణం తడబడుతుంది. అచ్చులో ఒకే విధంగా కనిపించే మాటను ఇద్దరు ఆపరేటర్లు రెండు వరుసలలో కూర్చి ఉండవచ్చు. మార్పిడి తరువాత ప్రూఫు చూడకుండా ప్రకటించిన పాఠంలో ఈ తేడాలు పాఠాంతరాల వేషంలో దర్శనమిస్తాయి. ఏ ఫాంటు, ఏ సంచిక, ఏ ఉపకరణంతో మార్చినది అన్న వివరాలను పీఠికలో పేర్కొనడం ఇకపై పరిష్కర్తల బాధ్యత కావాలి. తాళపత్ర ప్రతుల వివరాలు పీఠికలో ఇవ్వడం ఎంత సహజమో ఇదీ అంతే సహజం.

ఫైలు తెరవడమే కష్టమైన చోట ఈ వివేచన అంతా నిష్ఫలం. 2023 జనవరి నుంచి అడోబీ తన సాఫ్ట్‌వేర్లలో టైప్ 1 ఫాంటులకు మద్దతు ఆపివేసింది. పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్ళను తెరవగల ఇన్‌డిజైన్ సంచికలలో చివరిది 2012లో వచ్చిన సి.ఎస్.6. తరువాతి సంచికలు వాటిని గుర్తించవు. తెలుగు సహా పది భారతీయ భాషల యూనికోడ్ పాఠాన్ని సరిగా కూర్చే సామర్థ్యం ఇన్‌డిజైన్‌కు వచ్చింది కూడా ఆ సి.ఎస్.6లోనే. పాత పేజీ ఫైలునూ కొత్త తెలుగు అక్షరాన్నీ ఒకే తెర మీద చూపగల సంచిక అదొక్కటే. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ప్రచురించిన సంపుటాలు, సదస్సు వ్యాసాలు, సిద్ధాంత గ్రంథాలు ఆ రెండు దశాబ్దాలలో పేజ్‌మేకర్ మీదనే ఎక్కువగా తయారయ్యాయి. వాటి సీడీలు బీరువాలలో ఉన్నచోట ముందుగా చేయవలసింది సి.ఎస్.6 లేదా పేజ్‌మేకర్ 7 పనిచేసే ఒక పాత కంప్యూటరును, అందులోని ఫాంటుల ఫోల్డరుతో సహా, ఫార్మాట్ చేయకుండా పక్కన పెట్టడం.